ముప్పై రోజుల లెక్క

రొయ్యల సాగులో అన్నీ రోజుల లెక్కే. గుంటలో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలిన రోజు నుంచి డీఓసీ (సాగు రోజు) ఒకటి, రెండు, మూడు అని పుస్తకంలో రాసుకుంటూ పోతాం. ముప్పయ్యో రోజు దాటగానే విసురువల వేసి శాంపిల్ పడతాం. తూకం వేస్తాం, పేగు చూస్తాం, మొప్పలు చూస్తాం. గుంట పైకి నిమ్మళంగానే కనిపిస్తుంది, నీళ్ళ అడుగున ఏం జరుగుతోందో వల వేస్తేనే తెలుస్తుంది. నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఒక్క గుంటకి కూడా ఆ ముప్పయ్యో రోజు మర్చిపోలేదు. మా పాపకి మర్చిపోయాను.

పాప 2023 అక్టోబరు 24న పుట్టింది. పుట్టాల్సింది జనవరి మొదట్లో. ఏడో నెల వచ్చేసరికి మా ఆవిడ కాళ్ళు వాచాయి, ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. గర్భిణికి కాళ్ళు నీరు పట్టడం మామూలేగా అనుకున్నాం. నెల్లూరులో చూపిస్తే బీపీ 170/110 ఉంది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. ఆ రోజే చేర్చుకున్నారు. బిడ్డ ఊపిరితిత్తులు కాస్త గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఇక ఆగితే తల్లికే ప్రమాదమని ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. 30 వారాలు, 1280 గ్రాములు. మేం గుంటలో చల్లే ప్రోబయాటిక్ ప్యాకెట్టు కిలో ఉంటుంది, దానికంటే కాస్త బరువు, అంతే.

"ఏడో నెల బిడ్డ నిలస్తుందిలే నాయనా, ఎనిమిదో నెలదైతేనే భయం" అంది మా అత్త. పిల్లల డాక్టరు ఆ మాట విని, కడుపులో ఒక్కో వారం ఎక్కువున్న కొద్దీ బిడ్డకి మంచిదేనమ్మా, ఈ ఏడో నెల లెక్క ఎవరు పెట్టారో గానీ, అని నవ్వారు. అయినా ఆ రోజు నాకు డాక్టరు మాట కంటే అత్త మాటే ధైర్యం ఇచ్చింది.

పాపను బాక్సులో పెట్టారు. మొదటి ఐదు రోజులు ముక్కుకి గాలి తోసే సీపాప్ గొట్టాలు, తర్వాత ఇంకో తొమ్మిది రోజులు మామూలు ఆక్సిజన్. మధ్యలో రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు, ఒకసారి రక్తం ఎక్కించారు. ఆ పద్నాలుగు రోజుల్లో ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

గుంటల మీద రాత్రిళ్ళు నా పని ఆక్సిజన్ కాపలా. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి నీళ్ళలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది. మీటరు మూడు చూపించిందంటే గుండె జారిపోతుంది, ఉన్న ఏరేటర్లన్నీ ఆన్ చేస్తాం. ఎక్కువైతే నష్టమన్న ఆలోచన ఈ పనిలో ఎవరికీ రాదు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి మానిటర్ ముందు నిలబెడితే ఏం చేస్తాను? రక్తంలో ఆక్సిజన్ అంకె 89, 88 అనేసరికి "సిస్టర్, ఆక్సిజన్ కొంచెం పెంచండి" అని వెంటపడేవాణ్ణి. ఆ సిస్టర్ ఓపికమంతురాలు. "అన్నా, 90 నుంచి 95 మధ్య ఉంచాలి. వంద చూస్తే మీకు సంతోషం, బిడ్డకి మంచిది కాదు" అని చెప్పింది. ఎందుకు మంచిది కాదో నేను అడగలేదు, ఆమెకి చెప్పే తీరిక లేదు. ఇంకో రాత్రి డ్యూటీలో వేరే అమ్మాయి ఉంది. నా పోరు పడలేక పెంచింది. 98 చూసుకుని వరండాలో బెంచీ మీద హాయిగా నిద్రపోయాను.

27వ రోజున, నవంబరు 20న, డిశ్చార్జి చేశారు. అప్పటికి బరువు 1610 గ్రాములు. ఎదకు కట్టుకుని కంగారూ పద్ధతిలో పడుకోబెట్టడం మా ఆవిడకీ నాకూ ఇద్దరికీ నేర్పారు. ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం, చుక్కల మందులు, చేతులు కడుక్కోవడం, అన్నీ నోటితో చెప్పారు. చేతికి ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. నాలుగో పేజీ అడుగున ఒక వరుస: ఆర్‌ఓపీ స్క్రీనింగ్, 23-11-2023. ఆర్‌ఓపీ అంటే నెలలు నిండని పిల్లలకి కంటి లోపలి తెరకి వచ్చే జబ్బు. ఆ వరుస గురించి నోటితో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ నాకు కోపమే. కానీ నేనూ చదివాను. ఫీడ్ కంపెనీ వాళ్ళ కాగితాల్లో ఒక్క అక్షరం అర్థం కాకపోయినా టెక్నీషియన్‌కి ఫోన్ చేసి సతాయించేవాణ్ణి, ఇది మాత్రం ఏదో పరీక్షలే అనుకుని మడిచి సంచిలో పెట్టాను.

ఇంటికొచ్చాక అసలు కళ్ళ ఆలోచనే లేదు. నల్లటి కళ్ళు, మెరుస్తున్నాయి. బల్బు వైపు తిప్పితే మూసుకునేది. చూపుకి ఇంతకంటే ఏం రుజువు కావాలి అనుకున్నాం. మా అత్త కాటుక పెడతానంటే మా ఆవిడ వద్దంది, ఆ గొడవ ఒకటి రెండు రోజులు నడిచింది.

25న, శనివారం, మా ఊరి ఆశా అక్క వచ్చింది. బరువు తూచింది, ఊపిరి లెక్కపెట్టింది, ఆసుపత్రి కాగితం తెమ్మంది. నాలుగు పేజీలూ వేలు పెట్టి నిదానంగా చదివింది.

"తమ్ముడూ, కళ్ళ పరీక్ష అయిందా?"

"కళ్ళకేమక్కా, బాగానే ఉన్నాయి గదా."

"23 అని రాసుంది. ఈ రోజు తేదీ ఎంత?"

మా అత్త ఊరుకోలేదు. "నెల నిండిన బిడ్డ, అదీ గుప్పెడంత లేదు, చలిలో టౌనుకి తీసకపోతారా ఏంది?" అని గట్టిగానే అడిగింది. ఆశా అక్క కాగితం మడుస్తూ చెప్పింది. "రెండు కిలోల లోపు పుట్టినా, 34 వారాల ముందు పుట్టినా ముప్పై రోజుల్లో కంటి లోపల చూపించాలని మాకు ట్రైనింగులో చెప్పారు పెద్దమ్మా. ఈ జబ్బు పైకి కనపడదంట. నేను చూసిన ఒక పిలకాయని ఆరో నెలలో తీసకపోయినారు. అప్పటికి కంటిపాపలో తెల్లగా వచ్చేసింది. చేసేదేం లేదన్నారు." అత్త మాట్లాడకుండా లోపలికి పోయింది, కాసేపటికి పాప స్వెట్టరు వెతికి తెచ్చింది.

ఈ జబ్బు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కూడా ఉందని, పసిపిల్లల్లో చూడాల్సిన వాటిలో 2013 నుంచీ ఇదీ ఒకటని తర్వాత తెలిసింది. అంత పెద్ద కార్యక్రమం మా ఇంటిదాకా వచ్చింది ఆశా అక్క వేలి చివర. ఆమె చదవకపోతే ఆ కాగితం ఇంకా సంచిలోనే ఉండేది.

మర్నాడు ఆదివారం. ఆగలేక దగ్గర్లోని ఒక క్లినిక్కుకి తీసుకెళ్ళాను. పెద్దాయన టార్చి వేసి చూసి, కంటిపాప కదులుతోంది, భయమేం లేదు, ఇంటికి పొమ్మన్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఆశా అక్క కంటి లోపల అనింది. ఈయన బయట చూసినాడు" అంది. అక్కడితో ఆ వాదన అయిపోయింది.

సోమవారం నెల్లూరులో రెటీనా డాక్టరు దగ్గర. పరీక్షకి గంట ముందు నుంచి పాలు పట్టొద్దన్నారు, కక్కుతుందని. పది, పదిహేను నిమిషాలకోసారి కంట్లో చుక్కలు, కంటిపాప పెద్దదయ్యేదాకా. పాపను దుప్పట్లో మూటలా చుట్టారు. మొద్దుబారే చుక్క వేసి, రెప్పలు మూసుకోకుండా చిన్న తీగ లాంటిది పెట్టి, తలకి లైటు కట్టుకున్న డాక్టరు చేతిలో భూతద్దం పట్టుకుని వంగారు. కంటి అంచులు కనబడటానికి ఇంకో సన్నటి పరికరంతో గుడ్డును మెల్లగా నొక్కి తిప్పుతారు. నన్ను బయట ఉండమన్నారు, మా ఆవిడ లోపలే ఉంది. ఆ ఏడుపు తలుపు దాటి వచ్చింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదట. నాకు పంట కాలమంత అనిపించింది. ఇది చదివే తల్లిదండ్రులకి ఒక మాట: ఏడుపు విని పరీక్ష ఆపించకండి. బయటికి వచ్చిన రెండు నిమిషాలకే పాలు తాగి నిద్రపోయింది.

డాక్టరు కాగితం మీద గుండ్రంగా గీసి చెప్పారు. నేను నా పద్ధతిలో అర్థం చేసుకున్నాను, అదే ఇక్కడ రాస్తాను. నేను రొయ్యల్లోకి రాకముందు మా నాయనతో కలిసి పెన్నా కాలవ కింద వరి పండించినవాణ్ణి, అందుకని నాకు ఇట్లా ఎక్కింది.

కంటి వెనక లోపలి తెర ఉంటుంది, అదే రెటీనా. దానికి రక్తం పారించే నాళాలు తల్లి కడుపులో 16వ వారం ప్రాంతంలో కంటి నరం దగ్గర మొదలవుతాయి. అది తూము అనుకోండి. అక్కడి నుంచి అన్ని వైపులా పిల్లకాలవల్లా పాకుతూ పోతాయి. ముక్కు వైపు అంచుకి 36 వారాలకి చేరతాయి, చెవి వైపు అంచు ఇంకా దూరం, అక్కడికి చేరేసరికి 40 వారాలు. మా పాప 30 వారాలకే బయటికి వచ్చేసింది. అంటే కాలవ తవ్వకం సగంలో ఉంది, చివరి పొలాలకి ఇంకా నీళ్ళు అందలేదు.

కడుపులో బిడ్డకి ఆక్సిజన్ తక్కువే ఉంటుంది, ఆ కొరతే కాలవని ముందుకు లాగుతుంది. బయటికి రాగానే గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, దానికి తోడు గొట్టంతో ఇచ్చేది. తెర ‘నాకు సరిపోయింది’ అనుకుని నాళాలని పిలవడం మానేస్తుంది. తవ్వకం ఆగిపోతుంది. ఇది మొదటి ఘట్టం, అప్పుడు ఏమీ తెలియదు. కొన్ని వారాలకి తెర ఎదుగుతుంది, దాహం పెరుగుతుంది. చివరి పొలాలు ఎండిపోయి ఒక్కసారిగా కేకలు పెడతాయి. ఆ కేకకి డాక్టర్లు వీఈజీఎఫ్ అని పేరు పెట్టారు, నాళాలని పెరగమని చెప్పే పదార్థం. ఇప్పుడు నాళాలు పెరుగుతాయి గానీ సక్రమంగా కాదు. గట్టు తెగినచోట నీళ్ళు అడ్డదిడ్డంగా పారినట్టు పెరుగుతాయి. అవి బలహీనమైనవి, కారతాయి, రక్తం చిమ్ముతాయి, చివరికి మచ్చకట్టి తెరనే గుంజి ఊడదీస్తాయి. తెర పూర్తిగా ఊడితే అది అయిదో దశ. అప్పుడు ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా చూపు రావడం కష్టం.

మిగతా దశలు కూడా రైతుకి తెలిసే మాటల్లోనే ఉన్నాయి. నాళాలు ఉన్నచోటికీ లేనిచోటికీ మధ్య గీత పడితే ఒకటో దశ. ఆ గీత లేచి గట్టులా అయితే రెండు. గట్టు మీద పిచ్చి నాళాలు మొలిస్తే మూడు. తెర కొంత ఊడితే నాలుగు. ఇవి కాక ‘ప్లస్’ అని ఒకటి ఉంది. కంటి మధ్యలో ఉన్న పెద్ద నాళాలు ఉబ్బి మెలికలు తిరగడం. అది కనబడిందంటే జబ్బు పరుగు మీద ఉన్నట్టు.

మా పాపది రెండు కళ్ళలోనూ రెండో దశ, ప్లస్ లేదు. చాలామంది పిల్లలకి ఇక్కడి నుంచి దానంతటదే తగ్గిపోతుందన్నారు. వారం తర్వాత మళ్ళీ చూడాలి. డిసెంబరు 4, సోమవారం.

ఆ తేదీ మా జిల్లాలో ఎవరికైనా గుర్తుంటుంది. మిగ్‌జాం తుపాను.

డిసెంబరు 1 నుంచే ఫోన్లు మోగడం మొదలైంది. నా గుంటలు డీఓసీ 70 దాటి ఉన్నాయి, 60 కౌంట్‌లో, అంటే కిలోకి అరవై రొయ్యలు తూగేలా, ఉన్నాయి. ఇంకో మూడు వారాలు ఉంచితే కౌంట్ బాగుండేది. కట్ట తెగితే మొత్తం సముద్రం పాలు. శని, ఆదివారాలు పట్టుబడి పెట్టి రొయ్యలు తీసేశాను. ఊరంతా ఒక్కసారే పట్టేస్తుంటే వ్యాపారులు రేటు ఎలా కొడతారో రొయ్యల వాళ్ళకి చెప్పక్కర్లేదు. వలల మధ్య, ఐసు లారీల మధ్య, ఆ రెండు రోజుల్లో ఒక్క నిమిషమైనా డాక్టరుకి ఫోన్ చేసి సోమవారం బదులు శనివారం తీసుకురమ్మంటారా అని అడిగి ఉండొచ్చు. అడగలేదు. బుర్రా ఉంది, చేతిలో ఫోనూ ఉంది.

సోమవారం ఇల్లు దాటలేకపోయాం. గాలికి కరెంటు పోయింది, చెట్లు అడ్డం పడ్డాయి, కోవూరు దారిలో నీళ్ళు. చెన్నై మునిగిపోయిందని ఫోన్లలో వీడియోలు. ఆ రాత్రంతా తుపాను మా తీరం వెంబడే పైకి పోయి, 5న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. నేనూ మా ఆవిడా వంతులవారీగా పాపను ఎదకి కట్టుకుని కూర్చున్నాం. వెచ్చగానే ఉంది, పాలు తాగుతోంది, అప్పుడప్పుడూ కళ్ళు తెరిచి చూస్తోంది. ఎంత చూసినా ఆ కళ్ళలో నాకేమీ కనపడలేదు.

6న, బుధవారం, నెల్లూరు చేరాం. ఈసారి డాక్టరు పరీక్ష ఎక్కువసేపు చేశారు. మూడో దశ, ప్లస్, రెండు కళ్ళలోనూ. "48 గంటల్లో, మహా అయితే 72 గంటల్లో లేజర్ జరగాలి" అన్నారు. తొమ్మిది రోజుల్లో రెండు నుంచి మూడుకి వచ్చేసింది. ఇంత చిన్న బిడ్డకి లేజర్ చేయాలంటే పక్కన మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) ఉండాలి, ఆ ఏర్పాటు తన దగ్గర లేదన్నారు. విజయవాడ తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి గానీ, చెన్నైలో శంకర నేత్రాలయ లాంటి చోటు గానీ అన్నారు. ఉత్తరానికి పోతే దాదాపు 280 కిలోమీటర్లు, తుపాను దాటిన దారి. దక్షిణానికి 175, మునిగిన ఊరు. ముగ్గురు డ్రైవర్లకి ఫోన్ చేశాను. నాలుగో అతను హైవే తెరుచుకుంది, చెన్నై పోదాం రండన్నా అన్నాడు. దూరం తక్కువని చెన్నైకే బయల్దేరాం.

7న తెల్లవారుజామున కార్లో, గూడూరు దాటాక, మా ఆవిడకి ఆ రాత్రి సంగతి చెప్పాను. సిస్టర్‌ని పోరి ఆక్సిజన్ పెంచమన్నది, 98 చూసి నిద్రపోయింది. డాక్టరు చెప్పిన ఆ మొదటి ఘట్టం విన్నప్పటి నుంచి నా లోపల తిరుగుతున్నది అదే. ఆమె కిటికీ వైపు చూస్తూ చాలాసేపు ఊరుకుంది. "అట్టయితే బీపీ నాది గదా. తొందరగా పుట్టింది నా వల్లే. అప్పుడు తప్పు నాదే" అంది. తర్వాత, "ముందు ఆ ఏసీ తగ్గించమనయ్యా, బిడ్డకి చలి" అంది.

చెన్నైలో కొన్ని వీధుల్లో ఇంకా నీళ్ళున్నాయి. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం. డాక్టరమ్మ తమిళావిడ, తెలుగు బాగానే మాట్లాడింది. పరీక్ష అయ్యాక నేను అడగకుండా ఉండలేకపోయాను, ఆక్సిజన్ వల్లేనా అని. ఆమె కుర్చీ చూపించి కూర్చోమంది. అంత రద్దీలో ఒక డాక్టరు కుర్చీ చూపించడం మామూలు విషయం కాదు.

ఈ జబ్బును మొదట గుర్తించింది 1942లో, అమెరికాలో బోస్టన్ డాక్టరు టెర్రీ అట. కారణం ఏంటో తెలియలేదు. నెలలు నిండని పిల్లల్ని బతికించే బాక్సులు బాగా వాడకంలోకి వచ్చిన చోటే పిల్లలు గుడ్డివాళ్ళవుతున్నారు. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ ఆక్సిజన్ మీద వేలు పెట్టింది. తర్వాత అమెరికాలో పెద్ద ప్రయోగం చేసి 1950ల మధ్యకి నిజమేనని తేల్చారు. వెంటనే అందరూ ఆక్సిజన్ తగ్గించేశారు. కళ్ళు దక్కాయి, కానీ ఊపిరాడక పోయిన పిల్లలు, మెదడు దెబ్బతిన్న పిల్లలు పెరిగారు. అందుకే ఇప్పుడు ఎక్కువా కాదు, తక్కువా కాదు, మధ్యలో ఉంచడానికి తంటాలు. "ఒక్క రాత్రి 98 వల్ల వచ్చింది కాదు ఇది. తొందరగా పుట్టడం, తక్కువ బరువు, ఇన్‌ఫెక్షన్, రక్తం ఎక్కించడం, పుట్టాక బరువు నిదానంగా పెరగడం, అన్నీ కలుస్తాయి. ఆక్సిజన్ ఇవ్వకపోతే మీ పాప ఈ రోజు నా ముందు ఉండదు" అంది. నాకు పూర్తిగా ఊరట కలిగిందని చెప్పను. కానీ ఆ రాత్రి అన్నం తిన్నాను.

వైద్యం రెండు రకాలన్నారు. ఒకటి కంట్లోకి ఇంజెక్షన్, ఆ వీఈజీఎఫ్ కేకని అణిచేసే మందు. త్వరగా పని చేస్తుంది, అంచుల వైపు నాళాలు మళ్ళీ పెరిగే అవకాశం ఇస్తుంది, కానీ మందు పని అయిపోయాక జబ్బు నెలల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు, పరీక్షలు చాలాకాలం తప్పకూడదు. రెండోది లేజర్. నీళ్ళు అందని చివరి పొలాలని కాల్చేయడమే. అక్కడి తెర పోతుంది, పక్కచూపు అంచున కాస్త తగ్గొచ్చు, కానీ కేక ఆగిపోతుంది, పిచ్చి నాళాలు ఎండిపోతాయి, మధ్య చూపు దక్కుతుంది. చివరి ఆయకట్టుని వదులుకుని తూము కింద పైరుని కాపాడుకోవడం. నీళ్ళు లేని ఏడాది మా నాయన చేసిన పనే ఇది. జబ్బు రెండో జోనులో, అంటే తూముకి మరీ దగ్గర కాకుండా మధ్య వలయంలో, ఉంది కాబట్టి లేజర్ బాగా పనిచేస్తుందన్నారు. "ఇంజెక్షన్ అయితే నేను పిలిచినప్పుడల్లా రావాలి. రాగలరా?" అని డాక్టరమ్మ అడిగింది. నాకు కోవూరు దారిలో నీళ్ళు గుర్తొచ్చాయి. లేజర్‌కి సంతకం పెట్టాను.

8న ఉదయం తీసుకెళ్ళారు. గంటన్నర పట్టింది. ఒక్కో కంట్లో లేజర్‌తో కాల్చిన చుక్కలు వెయ్యికి పైగా. మా ఆవిడ గిన్నెలో పాలు పిండుకుంటూ కూర్చుంది, నేను ఫోన్లో గుంటల కట్టల ఫొటోలు చూస్తూ కూర్చున్నాను, ఏ ఫొటో చూశానో గుర్తులేదు. బయటికి తెచ్చినప్పుడు రెప్పలు ఉబ్బి, కళ్ళు ఎర్రగా, ముఖం నలిగిపోయి ఉంది. ఊపిరి మర్చిపోతుందేమోనని రాత్రంతా ఎన్ఐసీయూలో ఉంచారు. మళ్ళీ మానిటర్. అంకె 93. ఈసారి నోరు మూసుకుని నిలబడ్డాను.

15న చూసినప్పుడు ప్లస్ తగ్గుతోందన్నారు. క్రిస్మస్ తర్వాత చూస్తే గట్టు మీద నాళాలు వాడిపోయాయి. జనవరిలో, అసలు పుట్టాల్సిన తేదీ దాటిన వారానికి, రెండు కళ్ళలోనూ జబ్బు అణిగిందని రాసిచ్చారు. ఆ కాగితం ప్రతి వరుసా చదివించుకున్నాను.

కోలుకోవడం అంటే అంతటితో అయిపోలేదు. నెలలు నిండని పిల్లలకి, అందులోనూ లేజర్ అయినవాళ్ళకి, మైనస్ పవరు, మెల్ల, ఒక కన్ను బద్ధకించడం ఎక్కువగా వస్తాయి. తెర ఊడే ప్రమాదం పెద్దయ్యాక కూడా ఉంటుంది కాబట్టి ఏటా చూపించుకుంటూనే ఉండాలి. మా పాపకి తొమ్మిదో నెలలో కుడి కంటికి మైనస్ మూడు, ఎడమ కంటికి నాలుగున్నర అన్నారు. అంత చిన్న కళ్ళజోడు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. వెనక ఎలాస్టిక్ పట్టీ. మొదటి వారం రోజుకి ఇరవై సార్లు లాగి పారేసింది. ఒక రోజు తనే అట్టిపెట్టుకుంది. గోడ మీది బల్లిని చూసి గట్టిగా కేక వేసింది. బల్లిని చూసి మా ఇంట్లో అందరం సంబరపడింది అప్పుడే.

ఆ జులైలో రొట్టెల పండక్కి మా అత్త నెల్లూరు బారాషహీద్ దర్గాకి పోయి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. మరుసటేడు మళ్ళీ దిగి వేరేవాళ్ళకి ఆరోగ్య రొట్టె ఇచ్చి వచ్చింది. లేజర్ పని చేసిందా, రొట్టె పని చేసిందా అని నేను ఆమెతో వాదించను. లేజర్ అయింది డిసెంబరులో, రొట్టె పట్టింది జులైలో అని మాత్రం ఒకసారి అన్నాను. "అందుకే గదా నిలబడింది" అంది.

ఇప్పుడు రోజుకి రెండు గంటలు కుడి కన్ను మూసి పట్టీ వేస్తున్నాం, ఎడమ కన్ను పని చేయాలని. గుంట మీదికి తీసుకెళ్తే చెక్ ట్రేలో రొయ్యల్ని వేలితో చూపిస్తుంది, ఎన్ని ఉన్నాయో చెప్పమంటే అన్నిటికీ "రెండు" అంటుంది.

మొన్న ఆశా అక్క నా నంబరు ఒకతనికి ఇచ్చింది. అల్లూరు వైపు మనిషి, ఇతనిదీ రొయ్యల పనే. బిడ్డ 33 వారాలకి పుట్టాడు, కిలో ఎనిమిది వందలు. అమెరికాలో అయితే ఈ బరువుకి సాధారణంగా చూడరట, అక్కడ 1500 గ్రాములు, 30 వారాలు హద్దు. మన దగ్గర ఇంతకంటే పెద్ద పిల్లలకి కూడా వస్తోందని మన హద్దు పైకి పెట్టారు.

"బిడ్డ బాగా చూస్తున్నాడన్నా, లైటు వేస్తే కళ్ళు మూసుకుంటున్నాడు. గుంటలో మందు పని ఉంది, వచ్చే వారం తీసకపోదామని" అన్నాడు.

"నీ గుంట డీఓసీ ఎంత?"

"నలభై రెండు" అన్నాడు టక్కున.

"బిడ్డది?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నట్టున్నాడు. "ఇరవై తొమ్మిదన్నా" అన్నాడు.

రెటీనా డాక్టరు ఎక్కడుంటారో, పొద్దున ఎన్నింటికి వస్తారో చెప్పాను. గంట ముందు నుంచి పాలు పట్టొద్దని కూడా చెప్పాను.